మెచ్లీ వారి ఇంటిపేరు

చాముండేశ్వరి గారు 2006లో రిటైరయ్యారు. నార్త్ కెరొలైనా ప్రభుత్వపు నీటి పరీక్షల ల్యాబ్‌లో ఇరవై ఏడేళ్ళపాటు బావి నీళ్ళూ చెరువు నీళ్ళూ పరీక్షించి, ఏ నీళ్ళలో ఏ మురికి ఉందో మొహమాటం లేకుండా రాసిచ్చిన మనిషి. ఆ అలవాటు ఉద్యోగంతోపాటే పోతుందని మోరిస్‌విల్‌లో ఆవిడని ఎరిగినవాళ్ళు చాలామంది ఆశపడ్డారు. పోలేదు.

భర్త విశ్వనాథం గారు అంతకు ఏడాది ముందే రోడ్ల ఇంజినీరుగా రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇంట్లో ఆయన గొంతు వినపడేది కాదు. రిటైరయ్యాక ఊళ్ళో తెలుగు సంఘానికి నియమావళి కమిటీ అధ్యక్షులయ్యారు. ఆ సంఘంలో మూడు వందల కుటుంబాలు, నాలుగు వర్గాలు, రెండు వెబ్‌సైట్లు ఉన్నాయి. పొద్దున ఎనిమిదింటికి స్పీకర్ ఫోన్ పెట్టుకుని "క్లాజ్ ఫోర్, సబ్‌క్లాజ్ బి" అని మొదలుపెడితే మళ్ళీ భోజనానికే ఆపేవారు. చాముండేశ్వరి గారు మూడు నెలలు భరించి, నాలుగో నెలలో కౌంటీ లైబ్రరీకి వెళ్ళి వాలంటీరుగా చేరిపోయారు.

లైబ్రరీలో వంశచరిత్రల కోసం ఒక ప్రత్యేకమైన గది ఉంది. పాతకాలపు చేతిరాత చదవగలిగినవాళ్ళు కావాలని తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఫీల్డ్ ఇన్‌స్పెక్టర్లు వానలో నిలబడి సీసాల మీద గీకిన గీతల్ని ఇరవై ఏడేళ్ళు చదివిన ఆవిడకి పదిహేడో శతాబ్దపు గుమస్తాల రాత అచ్చు వేసినట్టు కనిపించింది. ఆవిడకి ఇంకో అర్హత కూడా ఉంది. వాళ్ళ నాన్న బందరు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో దస్తావేజు లేఖరి. "తూర్పు హద్దు ఫలానా వారి సరుగుడు తోట, పడమర పంటకాలవ" అని ఆయన రాసింది చిన్నప్పుడు ఆవిడే పైకి చదివి సరిచూసేది. వర్జీనియా పాత పట్టాల్లోనూ అదే సరుకు. తెల్ల ఓక్ చెట్టు మొదలుకొని, వాగు వెంబడి, విధవరాలు సూసన్ కంచె మూల వరకు. సరుగుడు చెట్లకి బదులు ఓక్ చెట్లు, అంతే తేడా.

ఆ గదికి వచ్చేవాళ్ళందరి పూర్వీకులూ గొప్పవాళ్ళే. ఆ రోజుల్లో ఓడలెక్కి వచ్చినవాళ్ళలో కూలి ఒప్పందం మీద వచ్చినవాళ్ళు, జైలుకి పోవడం ఇష్టంలేక వచ్చినవాళ్ళు, పెళ్ళాన్ని వదిలేసి వచ్చినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారని అక్కడి పుస్తకాలే చెప్తాయి. పాపం వాళ్ళలో ఒక్కరికీ సంతానం కలగలేదని, ఆ గదిలో నెల రోజులు కూర్చుంటే ఎవరికైనా అర్థమవుతుంది. ప్రభువుల చిన్నకొడుకులకి మాత్రం లెక్కలేనంత సంతానం.

ప్రతి మంగళవారం పదింటికి మార్జొరీ వచ్చేది. డెబ్బై ఒక్క ఏళ్ళ విధవరాలు, మనిషి సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. పుట్టింటి పేరు మెచ్లీ. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు మెచ్లీ ప్రభువుల శాఖ తమదని వాళ్ళ నాన్న చెప్పేవాడట. మెచ్లీ వారి వంశ చిహ్నమని రెండు సింహాలున్న బొమ్మని మాల్‌లో ఒక కొట్టువాడు కప్పు మీద ముద్రించి ఇచ్చాడు. ఆవిడ ఆ కప్పులోనే కాఫీ తాగేది. ఆవిడకి మిగిలిన కోరిక ఒక్కటే. పదిహేడు వందల సంవత్సరానికి ముందే ఇక్కడ సొంత భూమి సంపాదించిన వాళ్ళ వారసురాళ్ళకి ఒక మహిళా సంఘం ఉంది. ఏడాదికోసారి తెల్ల గ్లౌజులు తొడుక్కుని, గుండె మీద రిబ్బను కట్టుకుని, కలిసి చికెన్ సలాడ్ తింటారు. మార్జొరీ వాళ్ళ పిన్ని కూతురు అప్పటికే అందులో చేరి, ఆ రిబ్బను ఒకరి అంత్యక్రియలకి కూడా కట్టుకుని వచ్చింది. అది మార్జొరీ కళ్ళలో పడ్డది.

ఆవిడ చాముండేశ్వరి గారిని "షామ్" అని పిలిచేది. ఇంగ్లీషులో ఆ మాటకి బూటకమని అర్థం. ఒకరోజు ఆ సంగతి చాముండేశ్వరి గారే చెప్పారు. మార్జొరీ "అయ్యో, నిజమే సుమా!" అని మనసారా నవ్వి, మళ్ళీ షామ్ అనే పిలిచింది.

మెచ్లీల కాగితాలు 1731లో జాన్ మెచ్లీ అనే రైతు రాసిన వీలునామా దాకా దొరికాయి. ఆ జాన్ తండ్రి ఎవరో తెలియలేదు. ఏడాదిన్నరపాటు ఇద్దరూ వెతికారు. 2008 అక్టోబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం, వర్జీనియాలో ఒక కౌంటీ కోర్టు పుస్తకాల మైక్రోఫిల్మ్ తిప్పుతుంటే చాముండేశ్వరి గారికి ఆ పేరు కనిపించింది. పీటర్ మెచ్లీ. తర్వాతి పేజీల్లో అతని భార్య ఆన్, కొడుకు జాన్, వాగు పక్కన యాభై ఎకరాలు, సంవత్సరం 1699, అన్నీ వరుసగా కుదిరాయి. అంతకు అయిదేళ్ళ ముందు ఇదే పీటర్ కోర్టుకి పెట్టుకున్న అర్జీ కూడా ఉంది. అందులో గుమస్తా అతన్ని "మెచ్లిపటాం నుంచి తెచ్చిన ఈస్ట్ ఇండియా ఇండియన్" అని రాశాడు. మరో రెండు పుస్తకాల్లోనూ అదే మాట.

చాముండేశ్వరి గారు ఆ వాక్యం మూడుసార్లు చదివారు. తర్వాత లైబ్రరీ అని కూడా చూడకుండా "బందరు!" అని అరిచారు.

మచిలీపట్నాన్ని ఆ కాలపు ఇంగ్లీషువాళ్ళు రకరకాలుగా రాసేవారు, అందులో మెచ్లిపటాం ఒకటి. ఓడ దిగినవాడికి ఇంటిపేరు లేకపోతే వచ్చిన రేవు పేరులో సగం తుంచి తగిలించారన్నమాట. యార్క్‌షైర్‌కి ఆ కుటుంబం ఎన్నడూ వెళ్ళలేదు.

మార్జొరీ కళ్ళజోడు తుడుచుకుని స్క్రీన్ మీద ఆ వాక్యం చదివింది. బల్ల మీదున్న తన చేతిని చూసుకుంది. పక్కనే ఉన్న చాముండేశ్వరి గారి చేతిని చూసింది.

"గుమస్తా పొరపాటు పడి ఉండొచ్చు కదా?" అంది చివరికి.

"పడొచ్చు. మూడు పుస్తకాల్లో ముగ్గురు గుమస్తాలు ఒకే పొరపాటు పడ్డారు," అన్నారు చాముండేశ్వరి గారు.

"సంఘానికి భూమి పట్టా ఒక్కటీ చాలు. ఈ అర్జీ పంపక్కర్లేదు. పోనీ, పంపినా కింది సగం మాత్రం కాపీ తీస్తే?"

"కింది సగంలో ఏముందో తెలుసా? అతనికి స్వేచ్ఛ ఇచ్చారని ఉంది. ఎవరి దగ్గర్నుంచి, ఎందుకని అడగరా?"

"అడగరు షామ్. అక్కడ అలాంటివి ఎవరూ అడగరు."

"మా నాన్న హద్దులు మార్చి దస్తావేజు రాసేవాడు కాదు. నేనూ సగం కాగితం ఇవ్వను. కావాలంటే నువ్వే తీసుకో, మిషను అక్కడుంది."

మార్జొరీ మిషను వైపు వెళ్ళలేదు. కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. తర్వాతి మంగళవారం రాలేదు. ఆ పైవారమూ రాలేదు. చలికాలమంతా ఆవిడ కుర్చీ ఖాళీగానే ఉంది.

ఈ సంగతి చాముండేశ్వరి గారు ఇంట్లో చెప్పడం పెద్ద పొరపాటు. ఆ సమయంలో విశ్వనాథం గారి స్పీకర్ ఫోన్ ఆన్‌లో ఉంది. అవతలి చివర తెలుగు సంఘం అధ్యక్షుడు కృష్ణమోహన్ ఉన్నాడు. ఇండియా నుంచి ఇంజినీర్లని వీసా మీద తెప్పించి ఇక్కడి కంపెనీలకి పంపే కన్సల్టెన్సీ ఆయనది. పని దొరికేదాకా వాళ్ళని రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఆరుగురేసి ఉంచి, ఆ కాలానికి జీతం లేదని నవ్వుతూ చెప్పే మంచి మనిషి.

"మేడమ్, ఏంటేంటి? సిక్స్‌టీన్ నైన్‌టీస్‌లో తెలుగువాడా? ఇక్కడా?" అని ఫోన్‌లోంచే కేకేశాడు. "అంటే ఫస్ట్ తెలుగు అమెరికన్ మనవాడన్నమాట! ఉగాదికి లాంచ్ చేద్దాం. బ్యానర్ నేను స్పాన్సర్ చేస్తా."

"బందరు రేవులో ఎక్కాడని ఉందండీ. తెలుగువాడే అని నేను చెప్పలేను," అన్నారావిడ.

"బందర్లో ఎక్కినవాడు తమిళంలో మాట్లాడతాడా మేడమ్?" అని ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ... మనవాళ్ళేనా?"

మనవాళ్ళంటే ఎవరో ఆ సంఘంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ప్రశ్న మీద జనవరిలో ఒక సబ్‌కమిటీ ఏర్పడింది. నాలుగు వర్గాల నుంచీ ఒక్కొక్క సభ్యుడు. ఓడ కెప్టెన్ వెంట తెచ్చుకున్నాడంటే దుబాసీ అయి ఉంటాడు, కనక చదువుకున్న కులం అని ఒకాయన. యాభై ఎకరాలు సాగుచేశాడంటే భూమి విలువ తెలిసిన కులమని ఇంకొకాయన. అర్జీ కింద పీటర్ సంతకానికి బదులు పెట్టిన గుర్తు ఉంది. అది ఇంటూ మార్కు, పక్కన సిరా మరక. ఆ మరకలో నలుగురికీ నాలుగు తెలుగు అక్షరాలు కనిపించాయి. ఎవరి ఇంటిపేరులో మొదటి అక్షరం వారికి. చదువు రానివాడు దుబాసీ ఎలా అయ్యాడని చాముండేశ్వరి గారు అడిగారు. మినిట్స్‌లో ఆ ప్రశ్న రాయలేదు.

మార్చికి బ్యానరు సిద్ధమైంది. "తొలి తెలుగు అమెరికన్ శ్రీ పీటర్ గారు" అని రాసి, మొహం తెలియదు కాబట్టి ఆ చోట పూర్ణకుంభం వేశారు. అదే బొమ్మతో ఇంగ్లీషులో ఒక కరపత్రం వేసి లైబ్రరీ నోటీసు బోర్డుకి కూడా అంటించారు.

2009 ఉగాది సంబరం హైస్కూలు ఆడిటోరియంలో శనివారం పెట్టారు. నలభై రెండు డ్యాన్సులు. చాముండేశ్వరి గారికి పసిపిల్లల వేషాల పోటీకీ భోజనాలకీ మధ్య ఏడు నిమిషాలు ఇచ్చారు. హాల్లో ఆ ఏడాది పని పోయి కూర్చున్న కుర్రాళ్ళు వెనక వరసల నిండా ఉన్నారు, భోజనం ఉచితమని. మైకు అందుకుంటూ ఆవిడ చూసేసరికి ఆఖరి వరసలో, తలుపు పక్కన, మార్జొరీ కూర్చుని ఉంది. చేతిలో కరపత్రం మడిచి పట్టుకుంది. పక్కన కూర్చున్న ఉదయ్ అనే కుర్రాడు, ఆవిడ ఎవరో తెలియకపోయినా, మర్యాదకి తెలుగు మాటల్ని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు.

చాముండేశ్వరి గారు ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. ఆ అర్జీని తెలుగులో రాసుకుని వచ్చి చదివారు. వాళ్ళ నాన్న రాసే పద్ధతిలోనే రాశారు.

"మెచ్లిపటాం రేవునుండి తేబడిన పీటరు అనువాడు గౌరవనీయ కోర్టువారికి విన్నవించుకొనునది ఏమనగా. కెప్టెన్ హెయిల్ గారు నన్ను నాలుగు సంవత్సరముల ఒప్పందముమీద ఓడ ఎక్కించినారు. ఇప్పటికి పదునొకండు సంవత్సరములైనది. విడువుమని అడిగితిని. ఒప్పంద పత్రము చూపమన్నారు. ఆ పత్రము వారివద్దనే కలదు. వారివద్దనున్నది చూపమని అడిగిన, పోయినదన్నారు. వేరొకరివద్ద పనికి పోదునన్న, నిన్ను తెచ్చినందుకైన ఖర్చు తీర్చి పొమ్మన్నారు..."

వెనక వరసలోంచి ఉదయ్ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఆంటీ, ఆ కెప్టెన్‌ది ఏ కన్సల్టెన్సీ?"

ముందు వెనక వరసలు నవ్వాయి. తర్వాత మధ్య వరసలు. కాసేపటికి ఎవరో "పేపర్స్ తన దగ్గరే పెట్టుకున్నాడంట, ప్రాసెసింగ్‌లో ఉందని చెప్పలేదా?" అన్నారు. హాలు ఘొల్లుమంది. ముందు వరసలో పట్టుపంచెతో కూర్చున్న కృష్ణమోహన్ ఒక్కడే నవ్వలేదు. ఆయన సైగ చేస్తే ఎవరో మైకు ఆపేశారు. చాముండేశ్వరి గారు మైకు లేకుండానే తీర్పు చదివారు. నీటి ల్యాబ్‌లో మోటార్ల రొదకి అలవాటైన గొంతు అది. కోర్టువారు పీటర్‌ని ఆ దినమే విడిచిపెట్టమని, పది బుషెళ్ళ మొక్కజొన్నలు, ఒక జత బట్టలు ఇవ్వమని కెప్టెన్‌ని ఆజ్ఞాపించారు. కుర్రాళ్ళు లేచి నిలబడి ఈలలు వేశారు. నిర్వాహకులు భోజనాలు సిద్ధమని అయిదు నిమిషాల ముందే ప్రకటించారు.

భోజనాల దగ్గర మార్జొరీ సంగతి పొక్కింది. పీటర్ గారి మునిమనవరాలట అని ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఆవిడ పళ్ళెంలో పులిహోర వడ్డించి, మొహంలో తెలుగు పోలికలు వెతికారు. ముక్కు బందరు ముక్కేనని ఒకావిడ తేల్చింది. తొమ్మిది తరాలు అవతలి ముక్కు అది.

మార్జొరీ ఉగాది పచ్చడి ఒక చెంచా నోట్లో వేసుకుని, మర్యాద కొద్దీ మింగి, కారు దాకా చాముండేశ్వరి గారితో నడిచింది.

"పదకొండేళ్ళా?" అంది.

"పదకొండేళ్ళు."

"నేను లైబ్రరీలో ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను షామ్. మిగతాది చదవనే లేదు." కాసేపు కారు తాళాలు వెతుక్కుంది. "మా నాన్న పొగాకు గోడౌన్‌లో ముప్ఫై ఏళ్ళు బేళ్ళు మోశాడు. ప్రతి రాత్రీ కాళ్ళు ఉప్పు నీళ్ళలో పెట్టుకుని, మనం ప్రభువుల వంశం అనేవాడు. ఆయనకి ఈ పీటర్ సంగతి తెలిసి ఉంటే బాగుండేది. ప్రభువులకంటే పనికొచ్చేవాడు."

చాముండేశ్వరి గారు ఆవిడ సంచీ పట్టుకుని నిలబడ్డారు.

"మొత్తం కాగితం కాపీ తీసివ్వు," అంది మార్జొరీ. "పైసగం కూడా."

మహిళా సంఘం వాళ్ళు అదనపు రుజువులు కావాలని మూడుసార్లు ఉత్తరం రాశారు. మూడుసార్లూ ఇద్దరూ కలిసి పంపారు. నియమం ప్రకారం కావలసింది పదిహేడు వందలకి ముందు స్వేచ్ఛగా భూమి సంపాదించిన మనిషి. పీటర్ భూమి 1699లో సంపాదించాడు. ఆక్షేపించడానికి ఏమీ దొరకక 2010లో చేర్చుకున్నారు. వార్షిక పుస్తకంలో మాత్రం "పీటర్ మెచ్లీ, భూస్వామి" అని వేసి ఊరుకున్నారు. సవరించమని మార్జొరీ రాసింది. స్థలాభావం అని జవాబొచ్చింది. ఆ ఏడు విందుకి ఆవిడ రిబ్బను కట్టుకుని వెళ్ళి, ఒక్కొక్క బల్ల దగ్గరా ఆగి, తన తాత ఏ ఊరివాడో, ఎన్నేళ్ళు ఎవరికి చాకిరీ చేశాడో ఓపిగ్గా చెప్పింది. పిన్ని కూతురి బల్ల దగ్గర రెండుసార్లు చెప్పింది. మరుసటేడు ఆహ్వానం పోస్టులో ఎక్కడో పోయిందట.

తెలుగు సంఘంలో పీటర్ గారి పేరు మళ్ళీ వినపడలేదు. సబ్‌కమిటీ నివేదిక ఇవ్వలేదు. బ్యానరు ఒకరి గరాజ్‌లో లాన్ మూవర్ మీద కప్పి ఉందని వినికిడి. ఇకమీదట చారిత్రక విషయాలు వేదిక మీద చదవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని నియమావళికి ఒక సవరణ వచ్చింది. అది రాసింది విశ్వనాథం గారే. ఆ రాత్రి ఆయనకి కూర లేదు, పెరుగన్నం మాత్రమే.

కుర్రాళ్ళు మాత్రం మర్చిపోలేదు. మొదట ఉదయ్ ఫోన్ చేశాడు. "ఆంటీ, నా కాంట్రాక్ట్ ఒక్కసారి రీడ్ చేస్తారా? నాకేం అర్థం కావట్లేదు." ఆవిడ లాయరు కాదు. ఆ సంగతి ముందే చెప్పి, ప్రతి పంక్తీ చదివి, ఎక్కడ ఏ హద్దు చెరిపారో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కార్మిక శాఖ ఫారం ఏదో చూపించారు. ఉదయ్ ఫిర్యాదు చేశాడు. ఎనిమిది నెలలకి, పని లేక కూర్చోబెట్టిన కాలానికి అతనికి రావలసిన బెంచ్ జీతం వచ్చింది, కృష్ణమోహన్ ఆవిడకి నమస్కారం పెట్టడం మానేశాడు. రెండింటికీ ఆవిడ సంతోషించారు. ఆ తర్వాత శనివారాలు వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని కనిపించేవారు.

మార్జొరీ కూడా లైబ్రరీలో వాలంటీరుగా చేరింది. 2011లో ఒక మధ్యాహ్నం పని లేక ఇద్దరూ కూర్చున్నప్పుడు ఆవిడ ఖాళీ వంశవృక్షం ఫారం ఒకటి తీసి, "ఇప్పుడు నీది నింపుదాం," అంది.

చాముండేశ్వరి గారు తన పేరు రాశారు. అమ్మ పేరు, నాన్న పేరు. నాన్న తండ్రి పేరు. నాన్న తల్లి గడి దగ్గర పెన్ను ఆగింది. ఆవిడని అందరూ కాలవగట్టు మామ్మ అనేవారు. ఆ మామ్మ వేలు పట్టుకుని ఈవిడ బడికి వెళ్ళింది. మొహం గుర్తుంది, చేతి కడియం గుర్తుంది. పేరు మాత్రం ఎవరూ పిలవగా వినలేదు.

మర్నాడు బందరులో ఉన్న తమ్ముడు ఆంజనేయప్రసాద్‌కి ఫోన్ చేశారు.

"కాలవగట్టు మామ్మ పేరేమిట్రా?"

"కాలవగట్టు మామ్మే."

"అసలు పేరు లేదా ఆవిడకి?"

"ఉండే ఉంటుందిలే అక్కా. ఇప్పుడు దేనికి?"

"ఒక తెల్లావిడకి మూడు వందల ఏళ్ళ కిందటి తాతని పట్టిచ్చాను. మన మామ్మని పట్టుకోలేనా? రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళు."

ఆయన విసుక్కుంటూనే వెళ్ళాడు. మూడు వారాలు తిరిగాడు. మొదట దొరికిన దస్తావేజులో తాతగారి భార్య అని మాత్రమే ఉంది. తాతగారు పోయాక మామ్మ స్వయంగా ఇంటిస్థలం అమ్మిన దస్తావేజు ఇంకొకటి దొరికింది. అందులో రాయక తప్పలేదు. నాంచారమ్మ.

లైబ్రరీలో ఆ గడిలో చాముండేశ్వరి గారు తెలుగులో పేరు రాశారు. మార్జొరీ కష్టపడి "నాన్‌చరామా" అని చదివింది. ఆవిడ సరిదిద్దలేదు. కళ్ళు తుడుచుకుంటున్నారు.

సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్తే విశ్వనాథం గారు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి విన్నారు. విని, ఫోన్ పక్కన పెట్టేశారు.

"అయితే మా మామ్మ పేరేమిటి?" అన్నారు.

"నన్నడిగితే?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టారు.